శుక్లాల ఆపరేషన్: మత్తుమందు కథ

ఇంట్లో పెద్దవాళ్ళకి శుక్లాలు ముదిరాయని చెప్పి డాక్టరుగారు ఆపరేషనుకి రోజు పెట్టగానే మొట్టమొదట పుట్టే ప్రశ్న ఏమిటో మీకు తెలియనిది కాదు. ఖర్చెంతవుతుందని మగవాళ్ళు అడుగుతారు. ఆపరేషను చేయించుకోబోయే ముసలావిడ మాత్రం, "నొప్పి తెలియకుండా నిద్రపుచ్చేస్తారటే అమ్మాయ్?" అని అడుగుతుంది. అదీ డాక్టర్ని కాదు, వంటింట్లో ఉన్న కోడల్నో కూతుర్నో అడుగుతుంది. "అబ్బే, నిద్రెందుకండీ, చుక్కలు వేసి చేసేస్తారట" అని మనం తేలిగ్గా చెప్పేస్తాం. ఆ జవాబుతో ఆవిడ భయం తగ్గకపోగా రెట్టింపవుతుంది. మెలకువగా ఉండగానే కంట్లో కత్తి పెడతారా? అది చూస్తూ పడుకోవాలా? ఈ భయంతోనే "ఇంకెన్నాళ్ళు బతుకుతాను, ఈ ఉన్న చూపు చాలులే" అని ఆపరేషను వాయిదా వేసుకుని చీకట్లో మిగిలిపోయిన తల్లులు ఎంతోమంది ఉన్నారు.

అంచేత ఈవేళ మనం శుక్లాల ఆపరేషనులో మత్తు అనేది ఎలా వచ్చింది, ఎలా మారింది, ఇప్పుడు ఎందుకు ఇంత తగ్గిపోయింది అనే సంగతి ముచ్చటించుకుందాం. కథ కాస్త పెద్దదే. కానీ అందులో మన హైదరాబాదు ఉంది, మన తిరుపతి ఉంది, ఒక ఫ్రాయిడుగారి ప్రేమకథ కూడా ఉంది.

ముందు నొప్పి ఎక్కడుంటుందో చూద్దాం. కంటి లోపల చూపును కేంద్రీకరించే కటకం ఒకటుంది. వయసు మీద పడి ఆ కటకం మసకబారితే దాన్నే శుక్లం అంటాం. చిత్రమేమిటంటే ఆ కటకానికి నరాలూ లేవు, రక్తనాళాలూ లేవు. దాన్ని ముక్కలు చేసినా దానికై అది నొప్పి పుట్టదు. నొప్పంతా అక్కడికి వెళ్ళే దారిలో ఉంది. కంటి ముందుండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా, శరీరంలోకెల్లా నరాలు దట్టంగా ఉన్న చోట్లలో ఒకటి. పోపు పెడుతుంటే చిన్న నూనె చుక్క చిటపటమని ఎగిరి కంట్లో పడితే ప్రాణం ఎలా విలవిల్లాడుతుందో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. లోపల రంగుగా కనిపించే కనుపాపచుట్టు పొర కూడా ముట్టుకుంటే నొప్పి పుట్టేదే. ఇక రెండో చిక్కు, కన్ను ఊరుకోదు. దాన్ని అటూ ఇటూ తిప్పడానికి ఆరు కండరాలున్నాయి, రెప్ప వెయ్యడానికి ఇంకోటుంది. కాబట్టి కంటి వైద్యుడికి రెండు కావాలి: నొప్పి తెలియకూడదు, కన్ను కదలకూడదు. ఈ రెండింటి కోసమే ఇన్ని వందల ఏళ్ళ తంటాలూ.

శుక్లానికి శస్త్రం చెయ్యడం మన దేశంలో చాలా పాతది. సుశ్రుత సంహితలో ఆ పద్ధతి వివరంగా ఉంది. రోగిని కూర్చోబెట్టి, వెనకనుంచి తల గట్టిగా పట్టించి, సన్నని శలాకతో కంటి తెల్లగుడ్డు పక్కనుంచి పొడిచి, మసకబారిన దాన్ని చూపు దారిలోంచి తప్పించేవారు. ఆ సమయంలో కంటిని స్త్రీ స్తన్యంతో తడపమని చెప్పారు. అయిపోయాక నేతితో తడిపిన దూది పెట్టి కట్టు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, తుమ్మకూడదు, దగ్గకూడదు, ఉమ్మకూడదు అని ఆంక్షలు పెట్టారు. మరి నొప్పికో? శస్త్రం చెయ్యబోయే ముందు రోగికి ఇష్టమైన తిండి పెట్టమనీ, తాగే అలవాటుండి బాధ ఓర్చుకోలేనివాడికి ఘాటైన మద్యం ఇమ్మనీ అదే గ్రంథంలో ఉంది. తిన్నవాడు సొమ్మసిల్లడనీ, మత్తులో ఉన్నవాడికి శస్త్రం తెలియదనీ వారి లెక్క. ఇవాళ మనం ఆస్పత్రికి వెళ్తే పూర్తి మత్తుకి పొట్ట ఖాళీగా రమ్మంటారు. మత్తులో వాంతయితే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. చూశారా, మత్తు మారితే తిండి నియమం కూడా తిరగబడింది! (అన్నట్టు, కళ్ళకలకకి తల్లిపాలు పిండే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. అది మానెయ్యడమే మంచిది. కంట్లోకి సూక్ష్మజీవులు చేరే ప్రమాదం ఉంది.)

ఇలా శుక్లాన్ని పక్కకు తోసే విద్య ఆసియా, ఐరోపా ఖండాల్లో చాలాచోట్ల వందల ఏళ్ళు నడిచింది. ఊరూరూ తిరిగి కళ్ళు పొడిచేవాళ్ళు తయారయ్యారు. పొడిచిన క్షణంలో వెలుగు కనిపించేది, ముసలాయన చేతులెత్తి దండం పెట్టేవాడు, డబ్బు పుచ్చుకుని వైద్యుడు ఊరు దాటేవాడు. ఆ తర్వాత కన్ను చీము పట్టి పోయినా అడిగే దిక్కుండేది కాదు. 1819లో మొదలైన మద్రాసు ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి సంగతి మీలో చాలామందికి తెలుసు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో మన తాతముత్తాతలకు పెద్ద కంటాసుపత్రి అంటే అదే. అక్కడ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అధికారిగా ఉన్న ఎలియట్ అనే వైద్యుడు, ఇలా పొడిపించుకుని కళ్ళు పాడైన కేసులను పోగుచేసి ఒక పుస్తకమే రాశాడు.

ఐరోపాలో కూడా అదే భాగోతం. గొప్ప సంగీతకారుడు బాఖ్‌కు 1750లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో జాన్ టేలర్ అనే దేశదిమ్మరి కంటి వైద్యుడు రెండుసార్లు శస్త్రం చేశాడు. చూపు రాలేదు, ఆ ఏడాది జులైలోనే బాఖ్ కన్నుమూశాడు. కటకాన్ని పక్కకు తొయ్యడం కాదు, బయటికే తీసెయ్యాలని ఫ్రాన్సులో జాక్ దావియెల్ 1747లో మొదలుపెట్టాడు. ఈనాటి ఆపరేషనుకు అసలు పునాది అది. కానీ ఆలోచించండి, తొయ్యడానికి సూది పోటు చాలు, తియ్యడానికి కార్నియాను కొయ్యాలి. మత్తుమందు లేని కాలం. మహా అయితే కాస్త నల్లమందు, కాస్త సారా. వెనకాల ఒకడు తల పట్టుకునేవాడు, ఇంకొకడు రెప్పలు పట్టుకునేవాడు. వైద్యుడి ప్రతిభ అంతా చేతి వేగంలో ఉండేది. రోగి ఒక్కసారి బిగుసుకుంటే లోపలి ద్రవమంతా బయటికొచ్చి కన్ను పోయేది.

ఇలా ఉండగా 1846 అక్టోబరు 16న అమెరికాలో బోస్టన్ నగరపు పెద్దాసుపత్రిలో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఈథరు వాసన చూపించి, రోగి మెడమీద కణితికి నొప్పి తెలియకుండా శస్త్రం చేయించాడు. మరుసటేడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫామ్ వాడడం మొదలుపెట్టాడు. 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయంలో క్లోరోఫామ్ పీల్చిందని తెలిసేసరికి లోకంలో ఆడవాళ్ళందరికీ ధైర్యం వచ్చింది. ఇక కంటి వైద్యుల కష్టాలు కూడా గట్టెక్కినట్టే అనుకుంటాం కదా? గట్టెక్కలేదు. ఎందుకంటారా? ఈథరూ క్లోరోఫామూ పీల్చినవాళ్ళు మెలకువ రాగానే భళ్ళున వాంతి చేసుకునేవారు, దగ్గేవారు, పొర్లేవారు. అప్పట్లో కంటి కోతకు మామూలుగా కుట్లు వేసేవారు కారు. అంత కోత కోసి, కట్టు కట్టి వదిలేసేవారు. ఒక్క వాంతితో కంట్లోదంతా బయటికి వచ్చేసేది. ఆపరేషను బ్రహ్మాండంగా జరిగేది, మెలకువ వచ్చాక కన్ను పోయేది! అందుకని చాలామంది కంటి వైద్యులు ఈ రెండింటినీ నమ్మక, రోగిని మెలకువగానే ఉంచి కొయ్యడానికి మొగ్గు చూపారు.

క్లోరోఫామ్‌కు ఇంకో అపఖ్యాతి కూడా ఉండేది. బాగా ఉన్న మనిషి పీలుస్తూ పీలుస్తూనే హఠాత్తుగా ప్రాణం వదిలేసేవాడు. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అని వైద్యలోకం రెండు పక్షాలుగా చీలిపోయింది. ఆ తగవు తీర్చడానికి పూనుకున్న ఊరు ఏదో తెలుసా? లండనూ కాదు, పారిసూ కాదు, మన హైదరాబాదు. ఇక్కడ రెసిడెన్సీ సర్జనుగా, వైద్య పాఠశాల పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ఊపిరి సరిగ్గా కనిపెట్టి చూసుకుంటే క్లోరోఫామ్‌తో భయం లేదని నమ్మినవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి పోషించగా 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు క్లోరోఫామ్ కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. రెండోదానికి లండనులోని లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద వైద్యుడు వచ్చాడు. ఆయన్ని రప్పించడానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లిచ్చింది. వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి, క్లోరోఫామ్ ముందు ఊపిరినే ఆపుతుంది, గుండెను కాదు అని తేల్చారు. ఆ తీర్పు పూర్తిగా నిలబడలేదు. గుండె కూడా హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. అయినా "మత్తులో ఉన్నవాళ్ళ ఊపిరి మీదనుంచి దృష్టి మరల్చకండి" అన్న లారీ బోధ మాత్రం ఇవాళ్టికీ చెల్లుతుంది.

ఈ సందర్భంలో మనం గర్వంగా తలుచుకోవలసిన మహిళ ఒకామె ఉన్నారు: డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ. 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరిన అయిదుగురు అమ్మాయిల్లో ఆవిడ ఒకరు. చదువు పూర్తిచేసి హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫామ్ ఇవ్వడమే ప్రధాన వృత్తిగా ఏళ్ళ తరబడి పనిచేశారు. మత్తుమందులు బాగా తెలియాలంటే భౌతిక, రసాయన శాస్త్రాలు రావాలని 1909లో ఎడింబరో వెళ్ళి చదువుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు వైద్యురాలు ఈవిడేనని వైద్య చరిత్రకారులు పలువురు పేర్కొంటున్నారు. ఆడపిల్ల గడప దాటితేనే వింతగా చూసే ఆ రోజుల్లో, నిద్రపోతున్న మనిషి ప్రాణాన్ని ఆవిడ చేతిలో పెట్టారంటే అది సామాన్యమైన సంగతి కాదు.

సరే, మళ్ళీ కంటి దగ్గరికి వద్దాం. కంటి వైద్యులకు కావలసింది మనిషిని నిద్రపుచ్చే మందు కాదు, కంటిని మాత్రమే మొద్దుబార్చే మందు. అది దక్షిణ అమెరికా కొండల్లో జనం నమిలే కోకా ఆకుల్లో దొరికింది. 1860 ప్రాంతంలో జర్మనీలో నీమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ ఆకులోంచి కొకెయిన్ విడదీశాడు. నాలుక మీద వేసుకుంటే తిమ్మిరెక్కుతోందని కూడా రాశాడు. పాతికేళ్ళ పాటు ఆ ముక్క చదివినవాళ్ళెవరికీ అందులోని పరమార్థం తట్టలేదు.

1884లో వియన్నా పెద్దాసుపత్రిలో ఇద్దరు కుర్ర డాక్టర్లున్నారు. ఒకాయన సిగ్మండ్ ఫ్రాయిడ్, తర్వాత మనస్తత్వ శాస్త్రంతో జగత్ప్రసిద్ధుడైన ఆయనే. రెండో ఆయన కార్ల్ కోలర్, 26 ఏళ్ళవాడు, కంటి వైద్యంలో స్థిరపడాలన్న పట్టుదల కలవాడు. ఫ్రాయిడ్ అప్పట్లో కొకెయిన్ మీద పరిశోధన చేస్తూ, నీరసానికీ దిగులుకూ అది మంచి మందని నమ్ముతున్నాడు. ఇంతలో వేసవి వచ్చింది. రెండేళ్ళుగా చూడని కాబోయే భార్య మార్తా హాంబర్గు దగ్గర ఉంది. ఫ్రాయిడ్ పరిశోధన కట్టిపెట్టి రైలెక్కేశాడు.

కోలర్ మాత్రం వియన్నాలోనే ఉండిపోయాడు. ఒక మిత్రుడు కొకెయిన్ నాలుక మీద వేసుకుని తిమ్మిరెక్కిందని అన్నప్పుడు అతని బుర్రలో మెరుపు మెరిసింది. నాలుక మొద్దుబారితే కన్ను మాత్రం ఎందుకు మొద్దుబారదు? ప్రయోగశాలకు వెళ్ళి, కొకెయిన్ నీళ్ళలో కరిగించి ముందు కప్ప కంట్లో, తర్వాత కుందేలు, కుక్కల కళ్ళలో చుక్కలు వేశాడు. సూదితో తాకితే అవి కదలలేదు. ఆ తర్వాత తన కంట్లోనే వేసుకుని, అద్దం ముందు నిలబడి గుండుసూది తలకాయతో కార్నియాను తాకి చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు! ఆ సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్‌లో జర్మన్ కంటి వైద్యుల మహాసభ. పాపం, కోలర్ దగ్గర రైలు ఖర్చులకు డబ్బు లేదు. త్రియెస్తె నుంచి వచ్చిన బ్రెట్టావర్ అనే వైద్యుడు అతని పత్రం తీసుకెళ్ళి చదివి, అక్కడే చేసి చూపించాడు. కొద్ది వారాల్లో ఆ కబురు ఐరోపా, అమెరికా ఖండాలన్నీ చుట్టేసింది. వేల ఏళ్ళ కేకలు రెండు చుక్కలతో ఆగాయి.

ఫ్రాయిడ్ ప్రియురాలిని చూసుకుని తిరిగొచ్చేసరికి పేరంతా కోలర్‌ది. 1925లో రాసుకున్న ఆత్మకథలో ఆయన, కుర్రతనంలోనే తాను ప్రసిద్ధుణ్ణి కాకపోవడానికి కారణం కాబోయే భార్యేననీ, అయినా ఆమె మీద తనకు కోపం లేదనీ అన్నాడు. విన్నారా, కీర్తి పోయినా తప్పు ఆడదానిదే! కోలర్‌కు కూడా సుఖం దక్కలేదు. మరుసటేడు ఒక సాటి డాక్టరు అతన్ని యూదుడని దూషించగా మాటా మాటా పెరిగి కత్తులతో ద్వంద్వ యుద్ధం దాకా పోయింది. కోలరే గెలిచాడు గానీ వియన్నాలో కోరిన ఉద్యోగం రాలేదు. 1888లో న్యూయార్కు చేరి, అక్కడే కంటి వైద్యుడిగా బతికి 1944లో మరణించాడు. నోబెల్ బహుమతికి పేరు వెళ్ళింది కానీ బహుమతి రాలేదు.

కొకెయిన్ అమృతం కాదని తొందరలోనే తెలిసింది. మోతాదు మించితే ప్రాణం మీదికొచ్చేది, కార్నియా మసకబారేది, వ్యసనం పట్టుకునేది. నరాలకు కొకెయిన్ ఇంజక్షన్లు ఇవ్వడంలో దారి చూపిన అమెరికా సర్జను హాల్‌స్టెడ్, తన మీద తానే ప్రయోగం చేసుకుని ఆ వ్యసనానికి బలయ్యాడు. అందుకని రసాయన శాస్త్రజ్ఞులు మత్తు అలవాటు చెయ్యకుండా మొద్దుబార్చే మందు కోసం వెతికారు. 1905 నాటికి జర్మనీలో ఐన్‌హార్న్ తయారుచేసిన నోవకెయిన్ వచ్చింది. 1943లో స్వీడనులో లాఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అనే ఇద్దరు లిడోకెయిన్ తయారుచేశారు. అది 1948లో జైలోకెయిన్ పేరుతో బజారులోకి వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర చిగురుకు సూది పొడిపించుకున్న ప్రతివాళ్ళకూ అది పాత పరిచయమే.

ఇక ఇంజక్షన్ల యుగం మొదలైంది. చుక్కలతో నొప్పి పోతుంది గానీ కన్ను కదలకుండా ఉండదు కదా! అందుకని కనుగుడ్డు వెనక్కి పొడుగాటి సూదితో మందు ఎక్కించేవారు. రెప్ప బిగించకుండా చెంప మీదా, చెవి దగ్గరా ఇంకో సూది. మీ అమ్మమ్మగారో తాతగారో ఆపరేషను చేయించుకుని ఉంటే, "కొయ్యడం తెలియలేదు గానీ ఆ సూదులు మాత్రం నరకం చూపించాయే" అని చెప్పే ఉంటారు. ఆ తర్వాత తలకి రెండు పక్కలా ఇసక సంచులు పెట్టి, రెండు కళ్ళకూ కట్టు కట్టి రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. నవ్వకూడదు, నమలకూడదు. గంజి, పాలు పక్కనున్న ఆడవాళ్ళే చెంచాతో పట్టేవారు. సుశ్రుతుడి ఆంక్షలన్నీ మళ్ళీ వచ్చినట్టే! అంతా అయ్యాక కటకం లేని కళ్ళకు సోడాబుడ్డి అద్దాలు.

మన దేశంలో లక్షలాది పేదలకు చూపు వచ్చింది ఈ పద్ధతిలోనే. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఊరూరా కంటి శిబిరాలు పెట్టి, 1968లో తిరుపతిలో ఒక్కరోజున 833 శుక్లాల ఆపరేషన్లు చేసినట్టు రికార్డులకెక్కింది. అంతమందికి పూర్తి మత్తు ఇవ్వడానికి డాక్టర్లెక్కడ, ప్రాణవాయువెక్కడ? ఒక సూదీ, నాలుగు ధైర్యవచనాలూ, అంతే మత్తు. మెలకువగా ఉంచి చెయ్యగలిగారు కాబట్టే అంతమందికి చెయ్యగలిగారు. గుడారాల్లో, బడుల్లో ఆపరేషన్లు చేసే పద్ధతి తర్వాత మానేశారు. కళ్ళకు చీము పట్టే భయం ఉంది కనుక ఇప్పుడు ఊళ్ళలో పరీక్షలు మాత్రం చేసి, ఆపరేషనుకు ఆసుపత్రికే తీసుకొస్తారు.

ఆ పొడుగాటి సూదికి కూడా ప్రమాదాలున్నాయి. అరుదుగానే అయినా కంటి వెనక రక్తం చిమ్మవచ్చు, గుడ్డుకే గుచ్చుకోవచ్చు. అందుకని 1986లో ఇద్దరు అమెరికా వైద్యులు వెనక్కి పోకుండా గుడ్డు చుట్టూ మందు ఎక్కించే పద్ధతి ప్రకటించారు. 1990ల మొదట్లో మొన లేని మొద్దు గొట్టంతో కంటి పైపొర కిందికి మందు పంపే పద్ధతి వ్యాపించింది. ఈలోగా ఆపరేషనే మారిపోయింది. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ తీసేసిన కటకం చోట కృత్రిమ కటకం అమర్చాడు. 1967లో న్యూయార్కులో చార్లెస్ కెల్మన్, పళ్ళు శుభ్రం చేసే ధ్వనితరంగాల పరికరం చూసి, అదే సూత్రంతో శుక్లాన్ని పిండి చేసి పీల్చేసే యంత్రం కనిపెట్టాడు. మనం 'ఫాకో' అంటున్నది అదే. అంగుళంలో దాదాపు సగం ఉండే కోత కాస్తా రెండు మూడు మిల్లీమీటర్లకు దిగింది. అంత చిన్న కోతకు కన్ను పూర్తిగా బిగదీసుకుపోవలసిన అవసరం లేదు. 1992లో ఫిక్‌మన్ అనే అమెరికా వైద్యుడు చుక్కలు మాత్రమే వేసి ఫాకో చెయ్యవచ్చని చూపించాడు. తిరిగి తిరిగి 1884లో కోలర్ వేసిన చుక్కల దగ్గరికే వచ్చాం, కాకపోతే మందు మారింది.

మరి మగతమందు సంగతేమిటి? మొద్దుబారడం వేరు, మగత వేరు. మొదటిది కంటికి, రెండోది మనసుకి. 1903లో వెరోనాల్ అనే నిద్రమందు వచ్చింది, తర్వాత లూమినాల్. 1963లో డయాజిపామ్ వచ్చింది. వేలియం, కాంపోజ్ అన్న పేర్లతో అది ఎన్ని ఇళ్ళలో అలమారల్లో చేరిందో మీకే తెలుసు. ఆపరేషనుకు ముందురాత్రి ఒక మాత్ర ఇచ్చి పడుకోబెట్టడం చాలా ఆసుపత్రుల్లో ఆనవాయితీగా ఉండేది. 1980లలో మిడజోలామ్ వాడుకలోకి వచ్చింది. రక్తనాళంలోకి కొద్దిగా ఎక్కిస్తే నిమిషాల్లో బెంగ తగ్గుతుంది, తర్వాత ఆ కాసేపూ ఏం జరిగిందో సరిగ్గా గుర్తు కూడా ఉండదు.

"అంత మంచి మందుంటే అందరికీ ఇచ్చెయ్యవచ్చు కదా?" అని మీరనవచ్చు. ఇక్కడే కిటుకుంది. మగత కొద్దిగా ఉంటే మేలే. ఎక్కువైతే ముసలివాళ్ళు ముఖం మీద గుడ్డ కింద గుర్రు పెట్టి నిద్రపోతారు. ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచి, ఎక్కడున్నామో తెలియక తల ఎత్తేస్తారు. ఆ క్షణాన కంట్లో పనిముట్టు ఉంటే? పైకి చూడమ్మా, కిందికి చూడమ్మా అంటే వినిపించుకోరు. వయసు మళ్ళినవాళ్ళకి ఊపిరి మందగించవచ్చు, ఆ రోజంతా తికమక పడవచ్చు, ఇంటికొచ్చి స్నానాల గదిలో తూలి పడవచ్చు. అంటే నొప్పి లేకుండా చెయ్యడం మగతమందు పని కాదు, అది చుక్కలో సూదో చేస్తాయి. భయం తగ్గించడం మాత్రమే దాని పని.

అందుకే దేశానికొక ఆచారం ఏర్పడింది. అమెరికాలో చాలామందికి రక్తనాళం ద్వారా కొద్దిగా మగతమందు ఇస్తారు. ఇంగ్లండులో ఎక్కువమందికి ఏ మగతా లేకుండానే చేస్తారు. మన దేశంలో రోజుకు వందల ఆపరేషన్లు జరిగే కంటి ఆసుపత్రుల్లో సూదితోనో చుక్కలతోనో సరిపెడతారు. పూర్తి మత్తు పసిపిల్లలకూ, మతిమరుపు ముదిరి మాట వినలేని వాళ్ళకూ, తల వణుకు ఆగని వాళ్ళకూ మాత్రమే. మగత ఇచ్చినా, ఇవ్వకపోయినా వేలికి ఒక క్లిప్పు పెడతారు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చెప్పే ఆ పరికరం సూత్రాన్ని 1974లో జపానులో తకువో అవొయాగి ప్రకటించాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనం మందుల షాపుల్లో వెతికి వెతికి కొనుక్కున్న ఆక్సీమీటరే అది. ఊపిరి కనిపెట్టి చూడమని హైదరాబాదులో లారీ చెప్పిన పని ఇప్పుడది చేస్తోంది.

ఇక మిగిలింది భయం. చుక్కలతో చేసే ఆపరేషనులో కత్తి కనిపించదు. ఎదురుగా పెద్ద దీపం మూలంగా వెలుగులూ, రంగులూ, నీడలూ కదులుతూ కనిపిస్తాయి. ముందుగా చెప్పకపోతే వాటికే కొందరు బెదిరిపోతారని, చెప్పినవాళ్ళు నిబ్బరంగా ఉంటారని పరిశీలనల్లో తేలింది. ఆపరేషను జరుగుతున్నంతసేపూ ఒక నర్సు చెయ్యి పట్టుకుని కూర్చుంటే రోగి ఆందోళన తగ్గుతుందని కూడా గమనించారు. పూర్వం తల పట్టుకోవడానికి మనిషి కావలసి వచ్చింది, ఇప్పుడు చెయ్యి పట్టుకోవడానికి కావాలి.

కాబట్టి మీ అత్తగారినో అమ్మనో తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారిని నాలుగు ముక్కలు అడగడానికి మొహమాటపడకండి. చుక్కలా, సూదా? మగతమందు ఇస్తారా, ఇస్తే ఊపిరి, గుండె ఎవరు చూస్తుంటారు? ఆ ఉదయం తినవచ్చా, చక్కెర వ్యాధి మందు, రక్తపోటు మాత్ర వేసుకోవచ్చా? ఆవిడ రోజూ నిద్రమాత్ర వేసుకుంటుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. చెవుడున్నా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా, దగ్గు ఆగకపోయినా ముందే చెప్పండి. లోపల ఆవిడతో తెలుగులో మాట్లాడేవారుంటారో లేదో కనుక్కోండి. "డోంట్ మూవ్" అంటే ఆవిడకేం తెలుస్తుంది? "కదలకమ్మా, అయిపోవచ్చింది" అంటే తెలుస్తుంది. ముందురాత్రి మంచం పక్కన కూర్చుని ఏం జరగబోతోందో వరసగా చెప్పండి: చుక్కలు వేస్తారు, మండుతుంది, తర్వాత తిమ్మిరెక్కుతుంది, ముఖం మీద గుడ్డ కప్పుతారు, వెలుగు కనిపిస్తుంది, చల్లగా నీళ్ళు తగులుతాయి, దగ్గు వస్తే ముందు నోటితో చెప్పాలి. నొప్పి అనిపిస్తే ఊరుకోకుండా చెప్పమనండి, ఇంకా మందు వేస్తారు. ఓర్చుకోవడం ఆడదాని ధర్మమని ఎనభై ఏళ్ళు అలవాటు పడ్డ మనిషి, మీరు చెప్పకపోతే అక్కడ కూడా ఓర్చుకుంటుంది.

ఇంకొక్క మాట. శుక్లాలు ఆడవాళ్ళకు తక్కువేమీ రావు, కానీ ఆపరేషను అందుతున్నవాళ్ళలో వెనకబడుతున్నది మాత్రం వాళ్ళేనని మన దేశంలోనూ, పేదదేశాలు చాలావాటిలోనూ చూస్తున్నాం. తోడు వెళ్ళేవారు లేక కొందరు, ముసలిదానికి చూపెందుకన్న మాట విని కొందరు, భయంతో కొందరు. మొదటి రెండింటికి ఇంట్లో మగవాళ్ళను ఒప్పించాలి. మూడోదానికి మందు మన దగ్గరే ఉంది. బియ్యంలో రాళ్ళు కనిపించడం లేదని ఆవిడ చేటను మీ ముందుకు తోసిన రోజునే అడగండి, ఆస్పత్రికి ఎప్పుడు వెళ్దామని. భయమంటే ఈ కథ చెప్పండి.